ఇవ్వని తలనీలాలు

కట్టంగూర్‌లో ఎల్లేశం దొడ్డి తడిక తీసే వేళకు గుర్వమ్మ వాకిలి చల్లి, ముగ్గు వేసి ఉండాలి. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో అదే క్రమం. ఆ ఉదయం ఎల్లేశం తడిక తీశాడు. మంద రోడ్డు దాటి బీడు వైపు సాగిపోయింది. నడవలేని గొర్రెపిల్లలు గంప కింద అరుస్తున్నాయి. వాకిలి మాత్రం పొడిగానే ఉంది. గుర్వమ్మ అరుగు మీద కూర్చుని, ఎడమచేతిని ఒడిలో పెట్టుకుని, దాన్ని ఎవరో చూస్తుండమని అప్పగించి వెళ్ళిన పసిబిడ్డలా కుడిచేత్తో నిమురుతోంది.

హైదరాబాదు దవాఖానలో ఆమె ఎడమ రొమ్మును, దానితో పాటు చంకలోని గడ్డలను తీసేశారు. తరువాత మందు ఎక్కించారు, జుట్టంతా రాలిపోయింది. ఆపైన రేడియేషన్ కరెంటు పెట్టారు; చర్మం కమిలి నల్లబడింది. అది ముగిసి ఎన్నాళ్ళో కాలేదు. ఇంటికి పంపిస్తూ డాక్టరు ఆ చేతి గురించే మరీ మరీ హెచ్చరించాడు. బరువు ఎత్తకూడదు, వేడి తగలనివ్వకూడదు, గాయం కానివ్వకూడదు. మణికట్టు నుంచి భుజం దాకా బిగుతైన తొడుగు వేసుకోవాలి. చెయ్యి వాచి, దానికి చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. కొన్నాళ్ళు దూరప్రయాణాలు వద్దు.

రోగం పేరు తెలిసినవాళ్ళు ముగ్గురే: గుర్వమ్మ, ఎల్లేశం, కొడుకు శివకృష్ణ. గర్భసంచి ఆపరేషన్ అన్న ఒక్క మాటతో ఎల్లేశం ఊరి నోరు మూయించాడు. మస్కట్‌లో కాపురముంటున్న కూతురు స్వర్ణకూ అదే చెప్పాడు. దాచడానికి కారణం శివకృష్ణకు హుజూర్‌నగర్‌లో కుదరబోతున్న సంబంధం. పిల్ల పేరు సుహాసిని. వాళ్ళు ఇల్లు చూడడానికి వచ్చిన రోజున మంచినీళ్ళ చెంబు అందిస్తుంటే గుర్వమ్మ కొంగు జారింది. సుహాసిని తల్లి కళ్ళు ఆ బోడితల మీద ఆగాయి. ఎల్లేశం తడుముకోలేదు.

"మా బిడ్డ మస్కట్‌ల నీళ్ళాడాలె గద వదినా. కాన్పు సుకంగ కావాలని చెర్వుగట్టు రామలింగేశ్వరునికి తలనీలాలిచ్చింది."

సుహాసిని తల్లి చేతులెత్తి మొక్కింది. ఇలాంటి అత్త దొరకడం తన పిల్ల చేసుకున్న పుణ్యమన్నది.

వాళ్ళు వెళ్ళాక గుర్వమ్మ భర్తను నిలదీసింది. రోగాన్ని దాస్తే దాచావు, దేవుడి పేరు ఎందుకు ఎత్తావని అడిగింది. అతను చెప్పులు తొడుక్కుంటూనే జవాబిచ్చాడు.

"అంగడికి తోలిన గొర్రెకు రోగమున్నదని ఎవడన్న చెప్తడా?"

"నేను గొర్రెనా?"

"గొర్రెకైతే కొనేటోడన్న ఉంటడు."

కోపంతో అన్న మాట కాదది. అతని గొంతులో కోపం ఉండి ఉంటే ఆమె తట్టుకునేది. మేత కరువైన ఏళ్ళలో మందను కృష్ణానది దిక్కుకు తోలుకుపోయేటప్పుడు, నడవలేని జీవాన్ని దారిలో వదిలేసి రావడం అతనికి తండ్రి నేర్పిన పని. ఒక్కదాని కోసం మంద ఆగదు. ఆ లెక్కను అతను దొడ్డి దాటించి ఇంట్లోకి తెచ్చాడు, అంతే.

మొక్కు సంగతి స్వర్ణకు చేరింది. తన కోసం తల్లి తలనీలాలిచ్చిందని ఆ పిల్ల ఫోన్‌లోనే ఏడ్చి, మస్కట్‌లో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసింది. ఆ మురిపెం చూశాక నిజం చెప్పడానికి గుర్వమ్మకు నోరు రాలేదు. తీరా నెలలు నిండాక కాన్పు కష్టమైంది. కడుపు కోసి ఆడపిల్లను తీశారు. మర్నాడు స్వర్ణ నీరసంగా ఫోన్ చేసింది.

"నీ మొక్కు పనిచెయ్యలే అమ్మా."

కుట్ల నొప్పితో ఉన్న బాలింత అలవోకగా అన్న మాట అది. గుర్వమ్మకు మాత్రం తీర్పులా వినబడింది. ఇవ్వని తలనీలాలు ఇచ్చానని చెప్పుకున్నందుకు దేవుడు తన బిడ్డ కడుపు కోయించాడని ఆమె ఆ క్షణంలో నమ్మింది. ఆ నమ్మకం లేకపోతే ఆమె విమానం ఎక్కేది కాదు. అల్లుడు రాజేశ్ టికెట్ పంపినప్పుడు, డాక్టరు చెప్పిందంతా తెలిసి కూడా, ఒక్కసారైనా వద్దనలేదు. ఈ శరీరాన్ని అడ్డం పెట్టి ఆడిన అబద్ధాన్ని ఈ శరీరంతోనే తీర్చుకోవాలనుకుంది.

ఎల్లేశం కూడా పొమ్మన్నాడు. పోనంటే కారణం చెప్పాల్సి వస్తుంది. పైగా నిశ్చితార్థం పనులు సాగేటప్పుడు ఆమె ఇంట్లో ఉండడం ప్రమాదం. బయలుదేరే ముందు ఆమె చేతి తొడుగును తానే లాగి తీశాడు. "గిది చూస్తె గుడ్డోడు గూడ అడుగుతడు" అన్నాడు. రోగం సంగతి ఎవరికీ చెప్పనని కొడుకు తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. శివకృష్ణ ఆ ఒట్టుకు తల వంచి నిలబడ్డాడే తప్ప తల్లి ముఖం చూడలేదు.

విమానాశ్రయంలో తనిఖీ చేసే స్త్రీ చెయ్యి గుర్వమ్మ రవికె మీద, ఎడమ వైపు కుక్కిన దూది దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆమె తలెత్తి గుర్వమ్మ ముఖంలోకి చూసి, ఏమీ అడగకుండా, మెల్లగా భుజం తట్టి పంపించింది. ఆ పరాయి మనిషికి తెలిసింది. కన్నకూతురికి తెలియకూడదు.

విమానం దిగేసరికి చెయ్యి బరువెక్కింది, గాజులు మణికట్టులోకి దిగబడ్డాయి. మస్కట్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఆమె పొడుగు చేతుల రవికె తొడుక్కుని, నిండా కొంగు కప్పుకుని తిరిగింది. వంట చేసింది, గుడ్డలు ఉతికింది. పసిపిల్లను మాత్రం మంచం మీద కూర్చున్నప్పుడు ఒడిలో పెడితేనే పట్టుకునేది. తానుగా ఎత్తేది కాదు. మధ్యాహ్నమైతే నేల మీద కొంగు పరుచుకుని మొద్దులా నిద్రపోయేది.

స్వర్ణకు కుట్లు సలుపుతున్నాయి, నిద్ర లేదు, పాలు సరిగా పడడం లేదు. తల్లి వస్తే అన్నీ ఆమె చూసుకుంటుందన్న ఆశతో గడిపిన మనిషి. ఆ ఆశ తీరకపోయేసరికి మాట పదునెక్కింది. మొదట సణుగుడు, తరువాత ఎత్తిపొడుపు. ఎదురింట్లో మక్తల్ నుంచి వచ్చిన ముసలామె మనుమడికి దినం నీళ్ళు పోసి పొగవేస్తుంటే, తన తల్లి చుట్టంలా వచ్చి కూర్చుందని భర్తకు వినబడేలా, తల్లికీ వినబడేలా అన్నది. అత్తమ్మ ఒంట్లో బాగున్నట్టు లేదు, దవాఖానకు తీసుకుపోతానని రాజేశ్ అన్నప్పుడు స్వర్ణ నవ్వింది.

"చెర్వుగట్టు గుట్టెక్కనీకి కాళ్ళున్నయి. నా పిల్లను ఎత్తుకోనీకి చేతుల్లేవు. గొర్రెపిల్లలను చంకల పెట్టుకోని కోసులకు కోసులు నడిచినదానివి గద అమ్మా. అవి నా బిడ్డకన్న ఎక్కువైనయా?"

గుర్వమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. అది స్వర్ణను ఇంకా రెచ్చగొట్టింది.

"కొడుకు పెండ్లికి దాసిపెట్టుకుంటున్నవా బలం? గట్లయితే ఎందుకొచ్చినవు? తలకాయ గొరిగించుకునుడు అల్కనే. పని జేసుడే కష్టం."

మర్నాడు స్వర్ణ నిద్ర లేవకముందే గుర్వమ్మ నీళ్ళు కాచింది. పసిపిల్లకు నూనె రాసి, స్నానాల గదిలో కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. ఆ పని ఆమెకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. కానీ పసిపిల్లకు నీళ్ళు పోయడమంటే రెండు చేతుల పని. ఎడమచెయ్యి పిల్లను పట్టాలి, కుడిచెయ్యి చెంబు వంచాలి. వేడినీళ్ళు తగిలినకొద్దీ వాచిన చేతి వేళ్ళు మొద్దుబారాయి, ముడవమంటే ముడవలేదు. నూనె ఒంటి పిల్ల జారింది. గుర్వమ్మ చెంబు వదిలేసి ఒళ్ళంతా పక్కకు పడేసి, ఎడమ మోచేతిని నేలకూ పిల్లకూ నడుమ అడ్డం పెట్టింది. మోచెయ్యి నల్లా అంచుకు కొట్టుకుని చీరుకుపోయింది. పిల్ల తల నేలను తాకలేదు. కానీ గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపుకు స్వర్ణ కడుపు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమెకు కనిపించింది తడి నేల మీద ఉన్న బిడ్డ. లాక్కుని గుండెకు హత్తుకుని, మరో చేత్తో తల్లిని కొట్టింది. దెబ్బ ఆ చేతి మీదే పడింది.

"సంపనీకి వచ్చినవా నా పిల్లను?"

గుర్వమ్మ పళ్ళు బిగబట్టింది. రెండో దెబ్బకు ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. స్వర్ణ తన జీవితంలో తల్లి నోట అలాంటి శబ్దం వినలేదు. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. కొంగు ఎప్పుడో నీళ్ళలో పడిపోయింది. తల మీద వేలెడైనా లేని నెరిసిన వెంట్రుకలు. తడిసిన రవికెలో దూది ముద్ద నడుము దాకా జారిపోయింది. ఎడమ పక్క బట్ట ఎముకలకు అంటుకుని చదునుగా ఉంది. రవికె చిరిగిన చోట కనిపిస్తున్న చెయ్యి రోకలంత లావుంది.

"గిదేంది?" అన్నది స్వర్ణ.

"మొక్కు గాదు బిడ్డా. ఎవలకు ఇయ్యలే. మందుకు రాలిపోయినయి."

ఒట్టు తెగింది. తెగాక గుర్వమ్మ మిగతాది కూడా అక్కడే, నీళ్ళలో కూర్చునే చెప్పింది. దేవుడి పేరున అబద్ధమాడినందుకే నీ కడుపు కోశారు, అందుకే వచ్చానని చెప్పింది. స్వర్ణ ఏడవలేదు. తమ్ముడికి తెలుసా అని ఒక్కటే అడిగింది. తెలుసని తల్లి చెప్పగానే బిడ్డను తీసుకుని గది బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి చెయ్యి ఎర్రగా కాలిపోతూ, ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది. రాజేశ్ ఆమెను దవాఖానలో చేర్చాడు. జ్వరం దిగడానికి రోజులు పట్టింది. చెయ్యి నిలిచింది గానీ మునుపటి చెయ్యి ఇక రాదన్నారు. అక్కడి డాక్టరమ్మకు హిందీ వచ్చు. గుర్వమ్మను చూసి, స్వర్ణను ప్రశ్నలడిగింది. తల్లికి ఈ రోగం ఏ వయసులో వచ్చింది, అమ్మమ్మ దేనితో పోయింది. ఆ రెండో ప్రశ్నను స్వర్ణ తల్లి ముందు పెట్టింది. గుర్వమ్మ తన తల్లి రొమ్ము మీద పుండుతో, పసరు కట్టుకుని, ఎవరికీ చూపించకుండా పోయిందని చెప్పింది. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. స్వర్ణ ముఖం పాలిపోయింది.

"ఏమంటాంది బిడ్డా?"

"మీ అమ్మకున్నది, నీకొచ్చింది. నన్ను ఇప్పటిసంది చూపిచ్చుకుంట ఉండాల్నంటాంది." ఒడిలో పిల్లను చూసుకుని స్వర్ణ గొంతు తగ్గించింది. "ఊరికి దాసినవు, వియ్యపోళ్ళకు దాసినవు, సరే. ఎవలకు చెప్పాల్నో వాళ్ళకు ఎందుకు దాసినవమ్మా?"

గుర్వమ్మ వాచిన చేతిని ఒడిలోకి లాక్కుంది. ఇన్నాళ్ళూ తాను దేవుడికే బాకీ అనుకుంది. దేవుడికి జుట్టు ఏం తక్కువ? మోసపోయింది ఎదురుగా కూర్చున్న ఈ పిల్ల. తన తల్లి తనకు చేసిన అన్యాయాన్నే, మొక్కు అనే పట్టుబట్ట కప్పి, తాను తన కూతురికి చేసింది. రేపు సుహాసిని కడుపున ఆడపిల్ల పుడితే ఆ పిల్లకూ ఇదే జరుగుతుంది.

ఆమె అల్లుడి ఫోన్ అడిగి తీసుకుని ఎల్లేశంతో మాట్లాడింది. హుజూర్‌నగర్ వాళ్ళకు తానే చెబుతానన్నది. అతను అరవలేదు. కొడుకు మీద ఒట్టు వేశావని గుర్తుచేశాడు. ఆ ఒట్టు తన మీద వేసుకుంటానని ఆమె అన్నది.

"అయితే ఆడనే ఉండు. గీ ఇంటికి రాకు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె సుహాసిని తల్లికి చెప్పింది. అవతలి నుంచి, మంచిగ చెప్పినవు వదినా అని మాత్రం వినిపించింది. వారం తిరగకుండానే వాళ్ళు జాతకాలు కలవలేదని కబురు పంపారు. శివకృష్ణ పంపిన మాట ఫోన్‌లో వచ్చింది: "నిన్ను బతికిచ్చినందుకు మంచి బదులిచ్చినవమ్మా." గుర్వమ్మ దాన్ని విని ఫోన్‌ను అల్లుడి చేతికిచ్చింది. మళ్ళీ వినిపించమని అడగలేదు.

స్వర్ణ క్షమించమని అడగలేదు. కొత్త తొడుగు తెప్పించి, పొద్దున్నే తల్లి చేతికి తానే ఎక్కించేది. కొట్టిన చోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు నెమ్మదించేవి. మాటలు మాత్రం అవసరానికే. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, పిల్ల నిద్రపోతుండగా, గోడ వైపు చూస్తూ అడిగింది.

"నీకెట్ల తెలిసింది?"

గుర్వమ్మ లేచి తలుపు గడియ పెట్టింది. రవికె విప్పింది. దవాఖానలో కట్టు మార్చేవాళ్ళు తప్ప ఎవరూ చూడని ఆ మచ్చను వెలుగు వైపు తిప్పి, కూతురి చెయ్యి అందుకుని దాని మీద పెట్టుకుంది. స్వర్ణ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. తల్లి వదలలేదు.

"గీడ ఉండె. రేగ్గింజంత. నొప్పి లేకుండె, గందుకే ఊకున్న. నొప్పుంటె నేను గూడ చూపిచ్చుకుందును. ఇప్పుడు నీది చూసుకో. వేళ్ళు గిట్ల ఆనిచ్చి, మెల్లగ తిప్పు."

స్వర్ణ కళ్ళు మూసుకుని వేళ్ళు కదిలించింది. కదిలిస్తుండగానే ఆమె మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు కారి మెడ మీదికి జారాయి. గుర్వమ్మ వాటిని తుడవలేదు. ఆమె చూపంతా కూతురి వేళ్ళ మీదే ఉంది.

"ఏమన్న తగులుతాందా?"

"లేదమ్మా. ఏం లేదు."

"తొందరపడకు. చంకకాడ గూడ చూడు" అన్నది గుర్వమ్మ.