పాత వాన

నేను వాననీళ్ళ ఇంజనీరుని. పడిన వాన వీధుల్లో నిలవకుండా గొట్టాల్లోంచి చెరువులోకి పంపించడం నా ఉద్యోగం. మురుగునీళ్ళు వేరే సెక్షన్. ఈ తేడాని పరిచయమైన ఐదు నిమిషాల్లోనే ఎదుటివాళ్ళకి చెప్పేసేవాణ్ణి. వాళ్ళు అడక్కపోయినా సరే.

ఆ గర్వానికి మొదటి దెబ్బ చెరువుగట్టున తగిలింది.

మా వీధి గొట్టం చెరువులో కలిసేచోట ఒకమ్మాయి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, వంగి సీసాలో నీళ్ళు పడుతోంది. నీటి పరీక్షల ల్యాబ్‌లో మూడునెలల కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన టెక్నీషియన్.

"ఈ గొట్టం మీదేనా సార్?"

"మాదే," అన్నాను కాలర్ సర్దుకుంటూ.

"పదిహేను రోజులుగా వాన లేదు. మరి ఇందులోంచి నీళ్ళెలా వస్తున్నాయి?"

నాలుగేళ్ళ చదువు, ఆరేళ్ళ సర్వీసు కలిసి నా నోటికి ఒకే ఒక్క జవాబు అందించాయి.

"పాత వాన అయ్యుంటుంది."

ఆమె లేచి నిలబడి, నన్ను బూట్లనుంచి తలదాకా ఒకసారి చూసింది. పెద్ద కళ్ళు. తిట్టడానికీ నవ్వడానికీ మధ్యలో ఆగిపోయిన కళ్ళు.

"పాత వానకి సబ్బు వాసన కూడా వస్తుందా సార్?"

ఆ మధ్యాహ్నమే మీటింగ్. ఆ నీళ్ళలో టాయిలెట్ మురుగు కలుస్తోందని, అందుకే చెరువు దగ్గర 'ఈత కొట్టరాదు' అన్న బోర్డు తియ్యలేకపోతున్నామని ఆమె కాగితాలు చూపించి చెప్పింది. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

"మా లైన్లో ఒక్క చుక్క మురుగున్నా నా పేరు మార్చుకుంటాను సార్!" అన్నాను పెద్దసారుతో.

"శుక్రవారం లోపల ఇద్దరూ కలిసి తేల్చండి," అన్నాడాయన. "మురుగు ఏ ఇంటినుంచి వస్తోందో తేలకపోతే ల్యాబ్ లెక్కలే తప్పని రాసి పంపిస్తాను."

అలా రాస్తే ఆమె కాంట్రాక్టు అక్కడితో సరి. ఆ మాట బయటికి ఎవరూ అనలేదు. ఆమె మాత్రం కాగితాల అంచులు సరిచేసుకుంటూ తల వంచుకుంది. అది చూసి నాకు ఎందుకు నోరు జారానా అనిపించింది.

తేల్చే పద్ధతి సులువే. వీధిలో ముప్పై ఒక్క ఇళ్ళు. ఒక్కో ఇంటి టాయిలెట్లో హాని చెయ్యని ఆకుపచ్చ రంగు ఒక సీసా పోసి ఫ్లష్ చెయ్యాలి. అరగంటలో చెరువు దగ్గర గొట్టంలోంచి ఆకుపచ్చ నీళ్ళొస్తే, ఆ ఇంటి మురుగు తప్పు లైన్లో కలిసినట్టు. పొయ్యడం నేను, గొట్టం దగ్గర చూడడం ఆమె. మధ్యలో ఫోన్.

"పోశాను మేడమ్."

"చూస్తున్నాను సార్."

అంతే. ఆ తర్వాత అరగంట ఖాళీ. ఆ ఖాళీలోనే నా కొంప మునిగింది.

"ఈ ఇంట్లో ఏడు బకెట్లున్నాయి మేడమ్. ఉండేది ఇద్దరే."

"ఇక్కడ ఒక బాతు కదలకుండా నన్నే చూస్తోంది సార్."

"దాని తప్పేం లేదు."

అవతల దగ్గులాంటి చప్పుడేదో వినపడింది. తర్వాత, "రంగు రాలేదు. తర్వాతి ఇంటికి వెళ్ళండి," అంది. గొంతులో నవ్వు దాచుకోవడం ఆమెకి సరిగా రాదని అప్పుడే తెలిసింది.

మూడు రోజులు ఊళ్ళోవాళ్ళ బాత్రూముల్లో నిలబడి ప్రేమలో పడ్డాను. మూడోరోజు ఆఫీసు వరండాలో ఫారం మీద సంతకం పెడుతూ ఆమె ఉన్నట్టుండి ఆగింది.

"మీరు పక్కన నిలబడితే నాకెందుకో ఆ చెరువు గుర్తొస్తోంది సార్."

నేను గాల్లో తేలిపోయాను. చెరువంటే అలలు, చల్లగాలి, సాయంత్రం ఎండ. నన్ను చూస్తే ఒకమ్మాయికి అవన్నీ గుర్తొస్తున్నాయంటే ఇంకేం కావాలి!

ఆ సంతోషంలోనే ముప్పై ఇళ్ళు పూర్తయ్యాయి. ముప్పై ఒకటోది మాది. కింద మేము, పైన అద్దెకున్న రెండు కుటుంబాలు, అందరి టాయిలెట్లకీ, స్నానాల నీళ్ళకీ, బట్టలుతికిన నీళ్ళకీ ఒకటే గొట్టం. ఐదేళ్ళ క్రితం దాన్ని దగ్గరుండి వేయించింది నేనే. ఆరోజు ప్లంబర్, "బాబూ, అది వాననీళ్ళ లైనేమో," అని నసిగితే, "ఇంజనీరు నువ్వా, నేనా?" అని నోరు మూయించాను. అలాంటి ఇంటిని మళ్ళీ పరీక్షించడం ఏమిటని సీసా మూత కూడా తియ్యకుండా ఫారంలో 'పరీక్షించాం, తేడా లేదు' అని టిక్కు పెట్టేశాను.

శుక్రవారం పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"ఇవాళ మీరు గొట్టం దగ్గర ఉండండి సార్. ఒక్క ఇల్లు మళ్ళీ చూడాలి."

ఏ ఇల్లో అడగాలని కూడా తోచలేదు. తల దువ్వుకుని వెళ్ళి బాతు పక్కన నిలబడ్డాను.

"పోశాను సార్."

"చూస్తున్నాను మేడమ్," అన్నాను వీలైనంత తియ్యగా.

అప్పుడు ఫోన్లో వెనకనుంచి ఇంకో గొంతు వినపడింది. "అమ్మాయీ, ఒక్కసారి సరిపోతుందా? ఇంకోసారి ఫ్లష్ లాగనా?"

ఇరవైతొమ్మిదేళ్ళుగా నన్ను నిద్రలేపుతున్న గొంతది.

"మేడమ్... మీరెక్కడున్నారు?"

"మీ ఇంట్లో. ముప్పై ఒక్క ఇళ్ళకి ముప్పై ఒక్క సీసాలు తెచ్చాం సార్. ఒకటి మిగిలింది."

ఏదో ఒకటి చెబుదామని నీళ్ళు నములుతుండగానే గొట్టం అంచున సన్నగా పచ్చటి చార కనపడింది. చూస్తూ చూస్తూ ఉండగానే అది ధారయింది.

"వచ్చిందా సార్?"

గట్టు మీద నేనూ, బాతూ తప్ప ఎవరూ లేరు. 'రాలేదు' అంటే నా పరువు దక్కుతుంది. పెద్దసారు ల్యాబ్ లెక్కలే తప్పంటాడు. ఆమె ఆ రబ్బరు బూట్లు ల్యాబ్‌లో అప్పగించేసి వెళ్ళిపోతుంది. బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది. నాకు భయమేసింది. పరువు పోతుందని కాదు, ఆ ఒక్కమాట నోటిదాకా వచ్చినందుకు.

"వచ్చింది," అన్నాను.

"బాగానా?"

"బాతు కూడా పచ్చబడింది మేడమ్."

అవతల ఆమె ఊపిరి వదలడం వినపడింది. ఈలోగా ఫోన్ అమ్మ చేతిలోకి వెళ్ళింది. "ఒరే, ఆరోజు ప్లంబర్ చెప్తూనే ఉన్నాడు కదరా!"

సాయంత్రానికి ఆఫీసంతా నాకు 'పచ్చసారు' అని పేరు పెట్టింది. పేరు మార్చుకుంటానన్నది నేనే కాబట్టి పిలిచినప్పుడల్లా పలికాను. తప్పు టిక్కుకి మెమో వచ్చింది. ఆమె కాంట్రాక్టు మాత్రం ఏడాది పెరిగింది. ఆ వార్తకి ఆమెకంటే నేనే ఎక్కువ సంతోషించాను.

"రంగు రాలేదని నేను చెప్పుంటే?" అని అడిగాను.

"సాయంత్రం సాంపిల్ తీస్తే తెలిసిపోయేది. రిపోర్టు ఎలాగూ రాసేదాన్ని. మీ ఫోన్ మాత్రం మళ్ళీ ఎత్తేదాన్ని కాదు."

"అయితే ముందే అనుమానమా?"

"చెప్పాను కదా, మీరు పక్కన నిలబడితే చెరువు గుర్తొస్తోందని. మీ చొక్కా సబ్బు వాసనా, ఆ గొట్టం సబ్బు వాసనా ఒకటే."

అలలూ చల్లగాలీ అన్నీ అక్కడితో ఆగిపోయాయి.

వారం తిరక్కుండా అదే ప్లంబర్ వచ్చి వాకిట్లో తవ్వాడు. మురుగు గొట్టం చేత్తో పట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు. "ఎందులో కలపమంటారు సార్? ఇంజనీరు మీరు కదా!"

అమ్మ కిటికీలోంచి పగలబడి నవ్వింది.

పని అయ్యాక మళ్ళీ పరీక్ష. ఈసారి మా బాత్రూములో నేను, గొట్టం దగ్గర ఆమె. బయట మబ్బు పట్టింది. అరగంట గడిచింది.

"రంగు రాలేదు సార్. కనెక్షన్ సరిపోయింది."

ఇక ఫోన్ పెట్టెయ్యాలి. ముప్పై రెండో ఇల్లంటూ లేదు. రేపటినుంచి ఆమెకి ఫోన్ చెయ్యడానికి నా దగ్గర ఏ సాకూ మిగల్లేదు.

"మేడమ్, మీరంటే నాకు చాలా ఇష్టం," అనేశాను. చేతిలో ఖాళీ రంగు సీసా, ఎదురుగా కమోడ్. ఇంతకంటే మంచిచోటు నాకు దొరకలేదు.

అవతల ముందు బాతు అరిచింది.

"పరీక్షించి చెప్తున్నారా? ఊరికే టిక్కు పెడుతున్నారా?"

"పరీక్షించాను. రోజూ. తేడా లేదు."

ఆమె జవాబు చెప్పేలోపే ఆకాశం ఉరిమింది. ఫోన్ కట్టయింది. నేను తలుపు తీసేసరికి అమ్మ గొడుగు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"ఇంకా చూస్తావేంరా? పరిగెత్తు. తడవకుండా ఇంటికి తీసుకురా ఆ పిల్లని."

నేను వెళ్ళేసరికి ఆమె అప్పటికే తడిసి ముద్దయింది. వాననీళ్ళ గొట్టం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన పని తాను చేస్తోంది. రోడ్డు మట్టీ, ఎండుటాకులూ తోసుకుంటూ నీళ్ళు దూకుతున్నాయి. ఆమె సీసా నింపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నేను గొడుగు ఆమె తలమీద పట్టాను.

"సబ్బు వాసనా?" అడిగాను భయంభయంగా.

ఆమె తల అడ్డంగా ఊపి, గొడుగులోకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"వాన వాసన."

"పాత వానా?"

"కాదు," అంది, నవ్వు దాచుకోకుండా. "కొత్తది."