రాగి గొట్టంలో గాలి

ఉదయం పదింటికి, ఊరికి మంచినీళ్ళిచ్చే ఊట దగ్గర, పదిమంది చూస్తుండగానే నీళ్ళ ఇంజనీరు చచ్చిపోయాడు. మెడలో కెమెరా వేసుకున్న విదేశీయుడొకడు నవ్వుతూ ఫోటో అడిగాడు. భుజం మీద చెయ్యి వేశాడు. సూది మొన ఎప్పుడు దిగిందో ఎవరూ గమనించలేదు. గుండెపోటనుకుని జనం సోడా తెచ్చేలోపు కెమెరావాడు మాయం.

శవం పిడికిట్లో మూరెడు రాగి గొట్టం దొరికింది. రెండు కొసలూ నొక్కి, బిగించేసి ఉన్నాయి.

"లోపల ఊట నీళ్ళు," అన్నాడు బాస్, బిస్కెట్ నములుతూనే గొట్టాన్ని బల్ల మీదుగా తోసి. "నీళ్ళలో కరిగిన గ్యాసులు తప్పించుకోకుండా ఇలా బిగిస్తారట. పొద్దున్నే మనకి ఫోన్ చేశాడు పాపం. ఉండకూడని గ్యాస్ ఒకటి ఉందన్నాడు. ల్యాబ్‌లో నెమలిని కలువు."

ముంగిస గొట్టం అందుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో గూఢచారిగా పదకొండేళ్ళ నుంచీ ఆ పేరుతోనే చలామణి అవుతున్నాడు. బాస్ గడ్డం మీద అంటుకున్న బిస్కెట్ పొడి వైపు చూడకుండా బయటికి నడిచాడు.

ల్యాబ్ తలుపు కొంచెమే తెరుచుకుంది.

"మీ గడియారం వెనకబడింది," అంది లోపలి గొంతు.

"మా ఊరే వెనకబడింది," అన్నాడు కోడ్ ప్రకారం.

నెమలి తెల్లకోటు వేసుకున్నా సినిమా పోస్టర్లోంచి దిగినట్టే ఉంది. గంటలో గ్రాఫ్ తీసి చూపించింది.

"సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. పెద్ద కరెంట్ స్విచ్‌లలో నింపే గ్యాస్. ప్రాణానికి హాని లేదు. కానీ నీళ్ళలో దానంతటది ఇంత రాదు. ఎవరో కొండ మీద నీళ్ళలో కలిపి వదిలారు. సున్నపురాయి కొండ లోపలంతా సొరంగాలే కదా! పైన ఏ బిలంలో పోస్తే కింద ఊటలో ఎన్ని గంటలకి తేలుతుందో చూసుకున్నారు."

"రిహార్సల్ అన్నమాట. ఈసారి పోసేది విషం."

"అవును. బిలాలు పదకొండున్నాయి. నా లెక్కలో ఉత్తరం వైపుది. అక్కడ కాపలా పెట్టించండి."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఎర్రగోళ్ళ వేలు గ్రాఫ్ మీదే ఉంది. ముంగిస మెల్లగా ఆ వేలు పక్కకి జరిపాడు. కింద ఇంకో శిఖరం.

"ఇదేమిటి?"

"మెషీన్ తప్పు. పట్టించుకోకండి."

ముంగిస పట్టించుకున్నాడు. గ్రాఫ్ మడిచి జేబులో పెట్టుకుని నేరుగా ఇంజనీరు ఇంటికి వెళ్ళాడు. గుమ్మం నిండా చుట్టాలు విడిచిన చెప్పులే. ఇంజనీరు భార్య సైన్సు టీచరు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయినా, కాగితం చూడగానే కళ్ళజోడు పెట్టుకుంది.

"మెషీన్ తప్పు కాదు బాబూ. ఇది మీథేన్. పక్కన చూడండి, ఆక్సిజన్ అసలు లేదు. అంటే ఆ నీళ్ళు కుళ్ళులోంచి దిగి వచ్చాయి. మాంసం ఫ్యాక్టరీ వెనక బిలం ఉంది కదా, కళేబరాలు పడేసేది! ఆయనకి అనుమానం వచ్చిన రోజు నుంచీ ఈ ఇంట్లో కుళాయి నీళ్ళు ముట్టలేదు."

"ఊరంతా అవే తాగుతోంది కదమ్మా?"

"మీరూ తాగుతున్నారు," అందావిడ.

ముంగిసకి నాలుక మీద ఏదో పాకినట్టయింది.

మధ్యాహ్నం మూడున్నరకి, తోళ్ళు మోసే కూలీ వేషంలో ఫ్యాక్టరీ వెనక్కి చేరాడు. వాసన ముందు ముక్కుకి తగిలింది, తర్వాత కళ్ళకి, తర్వాత పళ్ళకి కూడా. గుంట నిండా పేగులు, డెక్కలు, ఉబ్బిన పొట్టలు. వాటి మధ్య నుంచి నల్లటి నీళ్ళు బుడబుడమంటూ రాతి బిలంలోకి జారుతున్నాయి. గట్టు మీద పాల ట్యాంకర్. దాని రబ్బరు పైపు కొస ఆ కుళ్ళు మీదుగా బిలంలోకి వేలాడదీసి ఉంది. వాల్వు దగ్గర కెమెరావాడు. పక్కనే ముక్కుకి సెంటు రుమాలు అడ్డుపెట్టుకుని నెమలి.

షూ మడమలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. పోలీసులు రావడానికి నాలుగు నిమిషాలు. కెమెరావాడి చేతిలో వాల్వు అప్పుడే సగం తిరిగింది.

ముంగిస ఆలోచించలేదు. గుంటలోకి దూకేశాడు. నడుం దాకా దిగబడ్డాడు. కాళ్ళ కింద ఏదో పగిలి, వెచ్చగా పాదాల చుట్టూ చేరింది. వాంతిని పళ్ళతో ఆపి, పైపు పట్టుకుని, తోటమాలి నీళ్ళ గొట్టాన్ని మడిచినట్టు రెండు మడతలు వేసి ఒంటి బరువంతా దాని మీద వేశాడు. పైపు పాములా బుసకొట్టింది. కొస నుంచి చుక్క రాలేదు.

"వదులు!" అంటూ కెమెరావాడు పిస్తోలు తీశాడు. మొదటి గుండు పక్కనే ఉన్న ఎద్దు పొట్టలో దిగింది. లోపలున్న గాలీ, గాలితో పాటు మిగతాదంతా పైకి చిమ్మింది. ముఖం నిండా పడేసరికి కెమెరావాడు గుడ్డివాడిలా తడుముకున్నాడు. రెండో గుండు ఆకాశంలోకి పోయింది. అంతలో పోలీసులు మీద పడ్డారు. ఒకడు వాల్వు మూసేశాడు.

బేడీలు వేస్తుంటే నెమలి గుంటలోకి చూసింది. "ఛీ! ఎంత కంపు కొడుతున్నావో తెలుసా?"

"నాది స్నానం చేస్తే పోతుంది," అన్నాడు ముంగిస.

ఏడుసార్లు సబ్బు రుద్దుకున్నాక బాస్‌కి ఫోన్ చేశాడు. "సార్, ఆ బిలం వెంటనే మూయించాలి. జనం తాగేది..."

"భేష్! విషం ఆపావు కదా, రెస్ట్ తీసుకో."

"ఆ కళేబరాలు సార్?"

"అవి మనవాళ్ళవేనయ్యా. ఫ్యాక్టరీ ఓనరు పెద్దవాళ్ళకి కావలసినవాడు. విదేశీ విషమైతే మన డిపార్ట్‌మెంట్. స్వదేశీది మునిసిపాలిటీ చూసుకుంటుంది." ఫోన్ పెట్టేశాడు.

ముంగిసకి గుంటలో ఆపుకున్న వాంతి అప్పుడొచ్చింది.

ముఖం కడుక్కుని, గ్రాఫ్ పట్టుకుని మళ్ళీ టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ దాని కింద, ఆరో క్లాసు పిల్లలకి కూడా అర్థమయ్యేలా, గుండ్రటి అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసింది.

రెండు రోజుల తర్వాత ఊళ్ళో ఏ బస్‌స్టాప్‌లో చూసినా, ఏ కుళాయి పక్క గోడ మీద చూసినా ఆ కాగితమే. మునిసిపల్ ఆఫీసు ముందు జనం ఖాళీ బిందెలతో కూర్చున్నారు. సాయంత్రానికి గుంట దగ్గరికి బుల్డోజర్లు వెళ్ళాయి.

ప్రభుత్వ రహస్య పత్రాన్ని గోడలెక్కించిన ద్రోహి ఎవరో పట్టుకొమ్మని బాస్ ముంగిసకే కొత్త కేసు అప్పగించాడు. ముంగిస చాలా శ్రద్ధగా దర్యాప్తు చేస్తున్నాడు; రిటైరయ్యేలోపు తేలుతుందన్న నమ్మకం మాత్రం లేదు.