నలభై బండ్లలో ఒక గొంతు

నిజామాబాద్‌లో కిషోర్ రోడ్‌లైన్స్ యార్డు ఎక్కడని అడిగితే పాన్ డబ్బా వాడు కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. ఒకప్పుడు వాళ్లకు ఉన్నది ఒక్క లారీ. ఇప్పుడు నలభై. సాంగ్లీకి పసుపు, నాగపూర్‌కు బియ్యం, సీజన్లో మిల్లులకు చెరకు. లోడు ఏదైనా, చెప్పిన వేళకు దించుతారని ఊళ్లో పేరు.

ఆ ఒక్క లారీనీ నడిపినవాడు కిషోర్‌బాబు. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద పొలాలు కొన్న కుటుంబం వాళ్లది. పదకొండేళ్ల కిందట చెరకు లోడుతో నిజాంసాగర్ కాలువలో పడ్డాడు. లారీని క్రేన్‌తో పైకి లాగారు. మనిషి ఎక్కడో కింద, తూము దగ్గర తేలాడు.

భార్య హైమ ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. ఆ తర్వాత ఆమెకు కోపం రాలేదు, ఆకలి తెలియలేదు, పండగ ఎప్పుడొచ్చిందో పట్టలేదు. గుండె బండ చేసుకుందని చుట్టాలు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి వాళ్లదేం పోయింది! ఆమె మాత్రం యార్డు ఆఫీసులో కూర్చుని లోడ్లు బుక్ చేస్తూ ఉండిపోయింది.

కంపెనీని పెంచింది మరిది సతీష్‌బాబు. కాలువలోంచి లేచిన బండి కలిసొస్తుందని అతని నమ్మకం. దాన్ని యార్డు మూలన ఉంచి, కొత్త లారీ కొన్నప్పుడల్లా దాంట్లోంచి ఒక భాగం విప్పి కొత్తదానికి బిగించేవాడు. ఒకదానికి అద్దం, ఒకదానికి హారన్, ఇంకోదానికి సీటు. "ఇది మా అన్నయ్య చెయ్యి" అనేవాడు. మొదట్లో నవ్వినవాళ్లు, లారీలు పెరిగేకొద్దీ నోరు మూసుకున్నారు.

ఎందుకంటే ఆ బండ్లలో అన్న మాట్లాడతాడు. డ్రైవర్లంతా చెప్పే మాటే ఇది. కునుకు పడితే పేరు పెట్టి పిలుస్తాడు, గుంత వస్తే ముందే చెబుతాడు. ఇన్నేళ్లలో ఒక్క బండికీ గీత పడలేదు. ఆ మాట విని వేరే కంపెనీల డ్రైవర్లు జీతం తగ్గినా ఇక్కడికే వచ్చి చేరారు. సతీష్‌బాబు అదంతా తన తెలివి అనుకుంటాడు. కారు దిగి లారీ ఎక్కిన మనిషైతే కదా తెలిసేది!

నలభై మంది విన్నారు. కట్టుకున్న హైమ వినలేదు. ఆమెలో ఏదైనా మిగిలి ఉందంటే ఆ ఉక్రోషం ఒక్కటే. ఆగి ఉన్న బండ్లలో ఎక్కి గంటల తరబడి కూర్చుని చూసింది. నడిచే బండిలోనే పలుకుతాడట. ఒక్క మాట వినాలి. వింటే ఏడుపు వస్తుందేమో. ఏడిస్తే మళ్లీ మనిషవుతుందేమో.

మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం, చెరకు ఎత్తడానికి బోధన్ వైపు పోతున్న లింబయ్య బండి ఎక్కేసింది.

"మీరెందుకమ్మా? సారుకు తెలిస్తే నన్నంటడు" అన్నాడు లింబయ్య.

"పోనియ్" అంది హైమ.

పొద్దు వాలింది. పొలాల్లో కాల్చిన చెరకు ఆకు వాసన. ఆ పైన మంచు దిగింది. కాలువ రోడ్డు ఎక్కేసరికి లైట్ల ముందు తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. క్యాబిన్‌లో ఎక్కడి నుంచో తడి బురద వాసన వచ్చింది. అద్దాలు మూసే ఉన్నాయి.

"ఒస్తుండు" అని గుసగుసగా అన్నాడు లింబయ్య.

ఇంజను చప్పుడు కింద... చాలా దగ్గరగా...

"లింబయ్యా... జర మెల్లగ పో. ముంగట ఎడ్లబండి ఉన్నది."

లింబయ్య బ్రేకు తొక్కాడు. మంచులోంచి ఎడ్లబండి బయటికొచ్చి, పక్క నుంచి పోయింది.

"ఇన్నరా అమ్మా? మా అన్న!"

హైమ తన లోపల ఏదైనా కదులుతుందని ఎదురుచూసింది. ఏమీ కదల్లేదు. ఎందుకో అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

"లింబయ్యా... ఇది ఆయన గొంతు కాదు."

"ఏందమ్మా గట్లంటరు?"

"నువ్వు ఆయన్ని ఎప్పుడైనా చూశావా?"

"యాడ చూస్తనమ్మా. అన్న పోయినంక గద నేను చేరింది."

"మిగతావాళ్లు?"

"అందరం తర్వాతోళ్లమే..."

అంటూనే బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది.

"మరి గిన్నేండ్లు మేం మాట్లాడింది ఎవ్వలితోనమ్మా?"

ఆమె విన్నది ముసలి గొంతు. నోట్లో బురద పెట్టుకుని మాట్లాడినట్టుంది.

"అన్న గొంతు ఎట్లుంటుండె?" అని అడిగాడు లింబయ్య.

ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. సన్నటి గొంతు, అంది. మాట్లాడే ముందు చిన్నగా గొంతు సవరించుకుంటాడు. పేరు పెట్టి పిలవడు, 'ఏమేవ్' అంటాడు. ఎంత ఆలస్యంగా వచ్చినా ముందు అన్నం తిన్నావా అని అడుగుతాడు. తమ్ముణ్ణి మాత్రం 'ఒరే బుజ్జీ' అంటాడు. చెబుతుంటే ఛాతీలో బిగుసుకున్నదేదో వదులైంది. ఇంకా ఇంకా చెప్పింది. ఆ క్యాబిన్‌లో వాళ్లిద్దరే లేరన్న సంగతి మరిచిపోయింది.

చెప్పడం ఆపింది.

ఎవరో చిన్నగా గొంతు సవరించుకున్నారు.

"ఏమేవ్... అన్నం తిన్నావా?"

సన్నటి గొంతు. అచ్చం అదే. హైమ కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయి. ఇది ఆయన కాదు. తనే నేర్పింది, ఇప్పుడే, తన నోటితో. అంతా తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"ఆఁ... తిన్నానండీ."

అప్పుడు ఫోను మోగింది. సతీష్‌బాబు.

"వదినా!" అతను చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "యార్డులో పాత బండి దగ్గర ఉన్నాను. ఆగి ఉన్నదాంట్లోంచే అన్నయ్య పిలిచాడు. ఒరే బుజ్జీ అన్నాడు. అచ్చం అన్నయ్యే! కాలువ దగ్గరికి రమ్మంటున్నాడు, ఏదో మాట్లాడాలట..."

హైమ ఫోను చెవికి అదుముకుంది.

"వద్దు సతీష్! అది మీ అన్నయ్య కాదు. కాలువ వైపు రాకు. నీకు దణ్ణం పెడతాను. ఇంటికి పో."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అంతేనంటావా?"

"అంతే. రాకు!"

"సరే వదినా. ఏం చెయ్యాలో తోచకే నీకు చేశాను. నువ్వూ వెంటనే రమ్మంటున్నావుగా... బయలుదేరాను."

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.

లింబయ్య డోరుకు ఆనుకుని, ఎంత దూరం జరగగలడో అంత దూరం జరిగి, ఆమె నోటి వైపే చూస్తున్నాడు.

"అమ్మా..." అన్నాడు మెల్లగా. "అన్న కాదని మీరే అంటిరి గద. మల్ల సారును కాలువకాడికి రమ్మని చెప్పవడ్తిరేంది?"