యాభై ఒక్క శాతం

"ఊపిరి బిగబట్టు."

మేడం గొంతు ఆమెకే సరిగ్గా వినిపించదు.

ఇద్దరూ ఆసుపత్రి దుప్పట్ల గుట్ట వెనక నక్కి ఉన్నారు. లాండ్రీలో బట్టలు ఆరబెట్టే గది. లైట్లు ఎవరో ఆర్పేశారు. బ్లీచింగ్ ఘాటుకి కళ్లు మండుతున్నాయి.

బయట బూట్ల చప్పుడు...

ఆగింది.

"మేడం, లోపలే ఉన్నారని తెలుసు." మేనేజర్ గొంతు. మెత్తగా, చుట్టాన్ని పలకరించినట్టు. "ఆ కాగితం ఇచ్చేయండి. టీ తాగి వెళ్దురుగాని."

కాగితం మేడం చేతిసంచిలో ఉంది. ఒకటే పేజీ. ఈ సంస్థ నాది కాదు, నేను ఇక్కడ ఇస్త్రీ చేస్తాను, ఓనరునని నా చేత సంతకం పెట్టించారు. అంతే. కింద సంతకం, పక్కన వేలిముద్ర. సిరా ఇంకా ఆరలేదు.

మేడం ప్రభుత్వ కొనుగోళ్ల ఆఫీసులో తనిఖీ అధికారి. ప్రభుత్వం ఏది కొన్నా అందులో కొంత భాగం ఆడవాళ్లు నడిపే సంస్థలకి, వికలాంగులు నడిపే సంస్థలకి, ఎప్పుడూ వెనకబడిపోయే వాళ్ల సంస్థలకి వెళ్లాలి. ఏ సంస్థ ఏ జాబితాలోకి వస్తుందో తేల్చేది ఆమె. సంస్థ వాటాలో కనీసం యాభై ఒక్క శాతం వాళ్లదే అయ్యుండాలి. పెత్తనమూ వాళ్లదే అయ్యుండాలి.

ఈ లాండ్రీకి మూడేళ్ల కిందట 'మహిళా సంస్థ' అని టిక్కు పెట్టింది ఆమే.

సీట్లోంచి లేవకుండా. ఫొటోలు చూసి.

కాగితాల మీది ఓనరు ఇప్పుడు ఆమె పక్కనే నక్కి ఉంది. లాండ్రీలో అందరూ ఇస్త్రీ అక్క అంటారు.

మూడు నెలల కిందట ఇక్కడ బాయిలర్ పేలింది. దాన్ని చూసుకునే మనిషి అక్కడికక్కడే పోయాడు. పోలీసుల విచారణ ముగింపుకి వచ్చింది. ఇవాళో రేపో ఓనర్ని పట్టుకెళ్తారు. ఓనరంటే అక్క! లాండ్రీని నిజంగా నడిపించేది కాంట్రాక్టర్. అతని పేరు ఏ కాగితంలోనూ కనిపించదు.

సాయంత్రం ఐదింటికి వచ్చే మూడేళ్ల జాబితా మూసేస్తారు. ఈలోగా ఆ పేజీ ఆఫీసుకి చేరాలి. చేరితే సర్టిఫికెట్ రద్దు. అక్క బయటపడుతుంది. చేరకపోతే ఇంకో మూడేళ్లు ఆమే ఓనరు.

ఇప్పుడు నాలుగు కావస్తోంది.

తలుపు కిర్రుమంటుంది. టార్చి వెలుగు గోడ మీద పాకుతుంది. మొదటి దుప్పట్ల గుట్టని ఎవరో కాలితో తన్నారు.

రెండో గుట్ట...

మూడోది వాళ్లది.

అక్క చెయ్యి చాపుతుంది. గోడకున్న పెద్ద మీట పైకి లాగుతుంది.

డ్రయ్యర్లు నాలుగూ ఒక్కసారి రంకె వేస్తాయి! వేడి గాలి. ఎగిరే దూది. మేనేజర్ ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినబడదు. అక్క మేడం మణికట్టు పట్టుకుని లాక్కుపోతుంది. పదకొండేళ్లుగా పనిచేస్తోంది ఇక్కడ. చీకట్లో ఏ మూల ఏ బల్ల ఉందో ఆమె మోకాళ్లకి తెలుసు.

వెనక గేటు. వ్యాను. ఉతికిన బట్టల మూటలు ఎక్కించడం అయిపోయింది. డ్రైవర్ తలుపు వేయబోతున్నాడు.

వాళ్లని చూశాడు.

వాళ్ల వెనక లోపల్నుంచి వస్తున్న కేకలూ విన్నాడు.

డ్రైవర్ అక్క మొహంలోకి చూస్తాడు. పక్కకి జరుగుతాడు. ఇద్దరూ మూటల మధ్యకి దూరతారు. తలుపు ధడేల్మంటుంది.

వ్యాను కదిలింది.

మేడం అడుగుతుంది.

"అసలు ఏమని చెప్పి సంతకం పెట్టించారు?"

"జీతం పెరుగుతుందన్నారు. ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఎంత మెత్తటి కుర్చీ మేడం అది! మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు."

"జీతం పెరిగిందా?"

"అడిగాను. ఓనరుకి జీతమేంటే అని మేనేజర్ ఒకటే నవ్వు."

మేడంకి ఆ ఫొటో గుర్తుంది. నిటారుగా కూర్చున్న ఆడమనిషి. చేతులు ఒళ్లో. ఆ చేతుల మీది కాలిన మచ్చలు కూడా ఫొటోలో కనిపించాయి. అయినా టిక్కు పెట్టింది. ఆ రోజు బల్ల మీద ఇంకా నలభై ఫైళ్లున్నాయి.

"మేడం, నాకేం కాదు కదా?"

"ఏం కాదు. నేనున్నాను."

వ్యాను సడన్‌గా ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. డ్రైవర్.

"దిగండి. మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇక్కణ్ణుంచి నడిచి పోండి. నన్నడిగితే చూళ్లేదంటాను." అక్క వైపు తిరుగుతాడు. "త్వరగా పోవే తల్లీ."

రెండు వీధులు. అక్క చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెడుతోంది. మేడంకి పక్కటెముకల్లో పోటు. వెనక మోటార్ సైకిల్ శబ్దం... దగ్గరవుతోంది. మూల మీద అద్దాల కొట్టు. అందులో మేనేజర్ నీలం చొక్కా కనిపిస్తుంది.

సందులోకి మళ్లారు. చెత్త డబ్బాలు. ఇనప మెట్లు. ఆఫీసు వెనక తలుపు!

కార్డు గీస్తే పచ్చ లైటు వెలగదు.

మేడం మళ్లీ గీస్తుంది.

వెలిగింది.

నాలుగూ నలభై ఒకటి.

మేడం పై అధికారి పెద్దసారు. గదిలో ఆయన ఒక్కడే లేడు. ఎదురుగా పోలీసు ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉన్నాడు. మేడం ప్రాణం కుదుటపడుతుంది. ఇంతకన్నా కావలసిందేముంది? కాగితం తీసి బల్ల మీద పెడుతుంది.

"సార్, ఈవిడ ఓనరు కాదు. నా ముందు రాసిచ్చింది. సర్టిఫికెట్ వెంటనే రద్దు చేయండి."

పెద్దసారు చదువుతాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదువుతాడు. మంచివాడే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. కాగితం మీద ఏముంటే అది చేస్తాడు.

"నువ్వే రాశావా అమ్మా ఇది?"

"నేనే సార్," అంటుంది అక్క.

ఆయన కంప్యూటర్‌లో మీట నొక్కుతాడు. "రద్దయింది."

మేడం కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అక్క భుజం నొక్కుతుంది.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడతాడు.

"మరి మూడేళ్ల కిందట ఓనర్ని నేనేనని ప్రమాణం చేసి సంతకం పెట్టిందెవరు?"

మేడం అక్కకి అడ్డంగా నిలబడుతుంది.

"ఈవిడే. కానీ కాంట్రాక్టర్ పెట్టించాడు."

"అతని పేరు ఎక్కడైనా రాసుందా?"

లేదు. ఎక్కడా లేదు.

"అబద్ధపు ప్రమాణానికి శిక్ష ప్రమాణం చేసినవాళ్లకే పడుతుంది." పెద్దసారు మేడం వైపు చూడకుండా అంటాడు. "తేలిన మరుక్షణం పోలీసులకి అప్పగించాలి. సర్క్యులర్ వచ్చి వారమైంది. మీరు చూళ్లేదా?"

చూడలేదు.

"సార్, ఆవిడకి ఏమీ తెలియదు. చదువు కూడా అంతంతమాత్రం..."

"మేడం." ఇన్‌స్పెక్టర్ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నేను వచ్చింది బాయిలర్ కేసు మీద. ఓనరైతే ఆ కేసు. కాదన్నారు, కాబట్టి మోసం కేసు. ఇంకో దారి ఉంటే మీరే చెప్పండి."

మేడం బల్ల మీది కాగితం వైపు చూస్తుంది.

అక్క ఒకళ్ల తర్వాత ఒకళ్ల మొహంలోకి చూస్తోంది. అర్థమవడానికి కాసేపు పట్టింది. ఏడవలేదు. చేతిలో చెప్పులు కింద పెట్టి, నెమ్మదిగా తొడుక్కుంటుంది.

"మీరున్నారన్నారు కదా మేడం."

అంతే. గుమ్మం దగ్గరున్న లేడీ కానిస్టేబుల్ ఆమెని తీసుకుపోయింది.

నాలుగూ యాభై రెండు.

మేడం తన సీట్లో కూలబడుతుంది. స్క్రీన్ మీద ఎర్రగా మెరుస్తోంది. చివరి ఫైలు. ఆమెకే కేటాయించారు. ఐదులోపు తేల్చాలి.

కొత్త లాండ్రీ. మహిళా సంస్థ. అదే ఆసుపత్రుల పని.

గాజు తలుపు అవతల, బెంచీ మీద కాంట్రాక్టర్! కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె చూడగానే లేచి, తలుపు కాస్త తెరిచి నమస్కారం పెట్టాడు.

"ఆడవాళ్లు పైకి రావాలి మేడం. నేను తోడొచ్చానంతే."

అతని వెనక నుంచి ఒక ఆడమనిషి లోపలికి వస్తుంది. కొత్త బట్టలు. మడతలు ఇంకా పోలేదు. కుర్చీ అంచున కూర్చుంటుంది.

మేడం ఫైలు తెరుస్తుంది. వివరాలు. వయసు. వైవాహిక స్థితి... వితంతువు. భర్త వృత్తి...

బాయిలర్ ఆపరేటర్.

చనిపోయిన తేదీ మూడు నెలల కిందటిది.

మేడం ఫారంలోని ప్రశ్నలు చదవడం మొదలుపెడుతుంది. ఒక్క జవాబు తప్పు చెబితే చాలు, ఏదో ఒక వంకతో ఫైలు పక్కన పెట్టొచ్చు.

"రోజుకి ఎన్ని కిలోలు ఉతుకుతారు?"

"రెండు వేల నాలుగు వందలు."

"నీటి వేడి ఎంత ఉండాలి?"

"డెబ్బై ఒక్క డిగ్రీలు. ఇరవై ఐదు నిమిషాలు."

"పనివాళ్లని పెట్టుకునేది, తీసేసేది ఎవరు?"

"నేనే."

"చెక్కుల మీద సంతకం?"

"నాదే."

ఒక్కటీ తప్పు పోలేదు. బడిపిల్లలా గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతోంది.

నాలుగూ యాభై ఏడు.

మేడం ఫారం పక్కకి నెడుతుంది. ముందుకి వంగుతుంది.

"మీ ఆయన్ని చంపిన బాయిలర్ ఎవరిది?"

ఆమె రెప్పలు కొట్టుకుంటాయి. గాజు తలుపు వైపు చూసింది. కాంట్రాక్టర్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఆ ప్రశ్న నాకు నేర్పలేదు మేడం."

దొరికింది. తనిఖీ అధికారికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

"ఈ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టేశారా?"

"నిన్ననే పెట్టాను. పరిహారం ఇలాగే వస్తుందన్నారు. తప్పా మేడం?"

స్క్రీన్ మీద రెండు బటన్లు. 'అవును'. 'కాదు'.

కిటికీ కింద ఇన్‌స్పెక్టర్ జీపు ఇంకా ఉంది. వెనక సీట్లో అక్క తల కనిపిస్తోంది. పక్కన ఇంకో మనిషికి చోటుంది.

'కాదు' నొక్కితే ఆ చోటు ఎవరిదో మేడంకి తెలుసు.

నాలుగూ యాభై తొమ్మిది.

వేలు ముందుకి వెళ్తుంది. ఆగుతుంది.

'అవును'.

మహిళా సంస్థగా ధ్రువీకరించడమైనది. మూడేళ్లు.

కింద జీపు స్టార్టయింది.

కొత్త ఓనరు లేచి నిలబడుతుంది. గోడ గడియారం వైపు కంగారుగా చూస్తుంది.

"అయిపోయిందా మేడం? ఆరింటికి నాకు బట్టలుతికే డ్యూటీ ఉంది. ఆలస్యమైతే మేనేజర్ సగం రోజు జీతం కోసేస్తాడు."