కంబళి కుట్టిన కోటు

చిత్రావతి ఏరు పొంగి ధర్మవరం దోవ తెగిపోయిన ఏడాది అది. ఆ వానలకు పెనుకొండ మద్దిలేటి మందలో గొర్రెపిల్లలు తడిసి, చలికి బిగుసుకుపోయి చచ్చినాయి. తన కంబళి కింద పెట్టుకున్న రెండు మాత్రం బతికినాయి.

దీపావళి పోయినాక ఒక పొద్దున ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ సంగటి కెలుకుతోంది. కూతురు శైలజ బ్యాగు సర్దుకుంటోంది. ఆ పిల్లకు బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసు స్నేహితులతో హిమాలయాల పక్కకు పోతోంది. ఆడ గుడారాల్లో పడుకోవడం, పెద్ద గుడ్డరెక్క ఒంటికి కట్టుకుని కొండ మీంచి గాల్లోకి ఎగరడం. మరుసటి సాయంత్రం ధర్మవరంలో రైలు.

పైకోటు చేతికి తీసుకుంది. చెయ్యి కిందికి వంగింది.

"అమ్మా, ఈ కోటేంది ఇంత బరువుండాది?"

"మీ నాయన్ను అడుగు. నిన్న హిందూపురం తీసకపోయినాడు."

మద్దిలేటి గడపలో కూచుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు. "లోపల కంబళి ఏయించినా. టైలర్ ఫక్రుద్దీన్ కుట్టినాడు."

శైలజ కోటు తొడుక్కుంది. చేతులు మడవలేక అట్లే నిలబడింది.

"చేను గట్టున నిలబెడితే పిట్టలు రావు," అంది ఆదిలక్ష్మమ్మ.

"నాయనా, ఎగిరేటప్పుడు రెండు చేతులూ పైకెత్తి తాళ్లు పట్టుకోవల్ల. ఎట్ల పట్టుకునేది?"

"పట్టుకోవద్దు. కిందనే ఉండు."

"బరువు వద్దనే కదా ఏరి ఏరి తెచ్చుకునింది. అడుగున చెమట పీల్చే పల్చటి బనీను. దాని మీద ఈ మెత్తటి ఫ్లీసు చొక్కా. ఆ పైన గాలి ఆపే కోటు. ఎండొస్తే ఒకటి ఇప్పేస్తా, చలేస్తే మళ్లా ఏసుకుంటా. అన్నీ వీపు మీద మోసుకుని కొండెక్కల్ల నేను."

"ఉల్లిపొర మాదిరుండాది. అది చలి ఆపుతాదంట."

"ఆపేదాన్నే నువ్వు సూదితో పొడిపిస్తివి. ఇప్పుడు కంబళి పీకినా ఆ బొక్కల్లో గాలి దూరతాది. రేపటికి ఇంకోటి యాడ తెచ్చేది?"

"దొరక్కపోతే పోవద్దు."

"అదీ సంగతి. పంపడం ఇష్టం లేకనే చేసినావు."

"ఇష్టం లేకపోతే నోటితోనే చెప్తా. దుడ్లు పెట్టి కుట్టిస్తానా?"

"చలికి చచ్చేదానికి నేనేమన్నా నీ గొర్రెపిల్లనా?"

మద్దిలేటి చేతిలో సూది ఆగింది. కుట్టు సగంలోనే వదిలేసి, ఆ చెప్పే తొడుక్కుని మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆదిలక్ష్మమ్మ పొయ్యి కాడి నుంచి లేచింది. "ఆ మాట అనకుండా ఉండాల్సింది పాపా. ఆ పొద్దు కంబళి చాలలేదని మీ నాయన ఒంటి మీద చొక్కా కూడా ఇప్పి మిగతా గొర్రెపిల్లల మీద కప్పినాడు. వానలో ఉత్త ఒంటితో కూచున్నాడు. అయినా కంబళి కిందుండే రెండు తప్ప అన్నీ పోయినాయి. నిన్ను వద్దనలేడు, జాగ్రత్త అని చెప్పేకీ రాదు. అందుకే టైలర్ దగ్గరికి పోయినాడు."

శైలజకు కండ్లు నిండినాయి. బ్లేడు తీసుకుని కుట్లు విప్పుతా కూచుంది. సాయంత్రం మద్దిలేటి వచ్చి కోటు రెండో పక్క పట్టుకున్నాడు.

"తండ్రికి తగిన కూతురు," అంది ఆదిలక్ష్మమ్మ విసుగ్గా. "ఒకరికి నోరు రాదు, ఒకరికి నోరు ఆగదు."

మర్నాడు తెల్లారకముందే మద్దిలేటి లేచాడు. బనీను, ఫ్లీసు చొక్కా, కోటు, కూతురు చెప్పిన వరసలోనే తొడుక్కున్నాడు. కోటు చేతులు మోచేతి దాకానే వచ్చినాయి. అట్లే పెనుకొండ కొండెక్కి, పాతకోట గోడ మీద గాలికి ఎదురుగా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి నిలబడ్డాడు. గాలి గుచ్చింది వీపు మీద ఒక్క చోటే. కిందికి దిగి, సైకిల్ షాపులో పంచరు సొల్యూషన్ అడిగి, అక్కడి సూది బొక్కలన్నిటికీ లోపలి నుంచి పూసి ఆరబెట్టాడు.

ఇంటికొచ్చి కోటు శైలజ చేతిలో పెట్టాడు. "వీపు కాడ దూరతాన్నింది. ఇంక దూరదు."

తర్వాత బ్యాగు ఎత్తి బరువు చూశాడు. తేలిగ్గానే ఉంది. అయినా ఆ పిల్లకు ఇవ్వకుండా, బస్సు దాకా తనే మోసుకుపోయాడు.