రాగిరేకు మీద మేనికా

మధ్యాహ్నం భోజనాలయ్యాక రోమ్ నగరమంతా కునుకు తీస్తోంది. ఒట్టావియో మాత్రం కిటికీ దగ్గర కూర్చుని రాగిరేకును అరగదీస్తున్నాడు. శిథిలాల నడుమ మేసే ఆవులు, విరిగిన స్తంభాలకు తాడు కట్టి బట్టలారేసే ఆడవాళ్లు... అలాంటి బొమ్మలు రాగిరేకుల మీద చెక్కి, కాగితాల మీద అచ్చు వేయించి పేరు తెచ్చుకున్న మనిషి అతను.

బొమ్మలో పాత రాతి తోరణం ఎంత ఎత్తో తెలియాలంటే దాని కింద మనిషి ఉండాలి. అందుకే పోయిన వారం బట్టలుతికే మేనికాని అక్కడ నిలబెట్టాడు. పైనుంచి మట్టి రాలుతోందని ఆమె భయపడింది. "ఏం కాదులే, నేను చెప్పేదాకా కదలకు!" అని కసిరాడు. అంతలోనే రాయి నెత్తిన పడి ఆమె ప్రాణం పోయింది.

ఆమె మొగుడితో, "నేనక్కడ లేనే లేను. తనే నీడకని వెళ్లుంటుంది," అన్నాడు. ఆ అబద్ధం బయటపడకూడదని, ఇప్పుడు రేకు మీది ఆమె బొమ్మనూ చెరిపేశాడు.

అచ్చు తీసే ముసలి గస్పారె రేకుకి సిరా పట్టించి, తడి కాగితం పరిచి, అచ్చుయంత్రం చక్రం తిప్పాడు. నూనె వాసన గుప్పుమంది. కిర్రు... కిర్రు...

"ఈ మనిషిని భలే చెక్కారు బాబూ."

"ఏ మనిషి? చెరిపేశానుగా!"

"నా కళ్లకేం రోగం? ఇదిగో."

తోరణం కింద మేనికా. నెత్తిన బట్టల మూట.

ఒట్టావియో రేకు మీద ఆమె బొమ్మ ఉన్నచోట తడిమాడు. నున్నగా ఉంది. గీత కూడా తగల్లేదు. "మళ్లీ తియ్యి."

రెండో కాగితంలో ఆమె ఎదురుగా ఒక మగమనిషి. చెయ్యెత్తి, ఆగమంటున్నాడు.

గస్పారె గొంతు తగ్గించాడు. "ఇది మీరే కదా... ఆ రోజు అక్కడున్నారా?"

"ఉన్నాను. నేనే నిలబెట్టాను. నేనే చంపుకున్నాను తాతా..."

ముసలాయన మూడో కాగితం పెట్టి తిప్పాడు.

తోరణం ఖాళీ. ఎవరూ లేరు. ఒట్టావియో వెక్కి వెక్కి ఏడ్చాడు.

"బాబూ... ఈ అడుగున ఏంటి?"

వంకర టింకర అక్షరాలు. అన్నీ తిరగబడి ఉన్నాయి. రేకు మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడతాయి. పని తెలియని వాళ్లెవరో రేకు మీద తిన్నగా రాసేశారు. మేనికాకి అసలు అక్షరం ముక్క రాదు.

ఒట్టావియో కాగితాన్ని అద్దానికి చూపించాడు.

"ఇంక కదలచ్చా అయ్యా?"