ఆదివారం మార్చని మీడియం

సోమవారం ఉదయం 8.40. ఏర్పేడు దగ్గర ఒక ప్రైవేటు ల్యాబ్. నైట్రోజన్ ట్యాంకుల గదిలో మహిత శవం దొరికింది.

ఇరవై తొమ్మిదేళ్ల పరిశోధకురాలు. వాల్వు తెరిచి ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆఫ్ చేసి ఉంది. నైట్రోజన్ గదంతా నిండి, ఊపిరాడక చనిపోయింది. గది చల్లదనం వల్ల ఎప్పుడు పోయిందో డాక్టరు తేల్చలేకపోయాడు.

సీఐ లోకేశ్వరి రిజిస్టరు తెరిచింది. చివరి ఎంట్రీ ఆదివారం 11.00. కణాలకు మేతగా పోసే ద్రవం, మీడియం, మార్చినట్టు మహిత సంతకం.

మహిత కాక తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ల్యాబ్ హెడ్ డాక్టర్ గిరిప్రసాద్ శనివారం మధ్యాహ్నమే చెన్నై వెళ్లాడు. ఆదివారం రాత్రి దాకా అక్కడే ఉన్నట్టు హోటల్ బిల్లు చూపించాడు. టెక్నీషియన్ మునికుమార్ శనివారం రాత్రి దాకా మూడు రోజులూ చిత్తూరు ఆసుపత్రిలో, భార్య కాన్పు దగ్గర ఉన్నాడు. ఆదివారం ఇంట్లో ఒక్కడే. సాక్షి లేడు. మహితకూ మునికుమార్‌కూ ఈమధ్య మాటల్లేవని గిరిప్రసాద్ మెల్లగా చెప్పాడు.

లోకేశ్వరి ఇంక్యుబేటర్ తెరిపించింది. కణాలు పెరిగే సీసాల్లో ద్రవం పసుపుగా ఉంది.

"మామూలుగా ఇదే రంగా?"

"మార్చినప్పుడు ఎర్రగా ఉంటాది మేడం," అన్నాడు మునికుమార్. "కణాలు తినేకొద్దీ పసుపు తిరుగుతాది."

"ఒక్క దినంలోనా?"

"మూడు దినాలన్నా పడతాది."

ఆమె కాసేపు ఆ సీసాలనే చూసింది. తర్వాత మహిత మెయిల్ తెరిపించి, గిరిప్రసాద్‌ను పిలిచింది.

ఆదివారం మీడియం ఎవరూ మార్చలేదని చెప్పింది. మహిత సంతకం దొంగగా పెట్టి, ఆ ఎంట్రీ శనివారమే రాసిపెట్టారు.

"శనివారం మునికుమార్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆదివారం ఆమె బతికుండటం మీకొక్కరికే అవసరం డాక్టర్."

మెయిల్లో డీఎన్ఏ రిపోర్టు ఉంది. పాకాల ఊరి వరదమ్మ అనే రోగి క్యాన్సర్ గడ్డ నుంచి పెంచిన కణాలవి. వాటి మీద పరీక్షించిన మందు వచ్చే నెల రోగులకు ఇవ్వబోతున్నారు. కానీ సీసాల్లో ఉన్నవి వరదమ్మ కణాలు కావు. ఎప్పుడో వేరే కణాలు కలిసి, అసలువి చచ్చిపోయాయి.

గిరిప్రసాద్ ఇంక్యుబేటర్ వైపు చూశాడు. "పదకొండేండ్లు పెంచినాను వాటిని," అన్నాడు.

సాయంత్రం లోకేశ్వరి పాకాల వెళ్లింది. వరదమ్మ భర్త వరదయ్యకు కణాల సంగతి ఎలా చెప్పాలో తోచలేదు. మొదలుపెట్టబోతే ఆయనే ఆపాడు.

"తెలుసునమ్మా. శనివారం పొద్దున ఆ పాపే ఫోన్ చేసి చెప్పింది. ఏడ్సింది. ముందు మీ సారుకి చెప్పు తల్లీ, పెద్దాయన, ఆయనే చూసుకుంటాడని నేనే పంపించినాను."